పెరడు లేని వాడకు పోషణ పాఠాలా?

"ఒంట్లో రక్తం తక్కువుంది. ఆకుకూరలు తినండి, పెరట్లో పెంచుకోండి." ఆస్పత్రికి పోయిన మన ఆడోళ్లు ప్రతిసారీ వినే మాట ఇది. మాట మంచిదే. కానీ మేం ఒక్కటి అడుగుతున్నాం. వాడలో పెరడు ఎక్కడుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. ఇంతమందికీ తినడం తెలీకనే రక్తం తగ్గిందా?

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పల్లెల్లో పేదలకు సెంటున్నర చొప్పున ఇళ్ల పట్టాలిచ్చింది. సెంటున్నరంటే 72 గజాల పైచిలుకు. ఇల్లు, మరుగుదొడ్డి కట్టాక మిగిలేది నీళ్ల బాన పెట్టుకునే చోటు. బీరపాదు ఎక్కడ పెట్టాలి? మునగచెట్టు ఎవరి నెత్తిన నాటాలి?

పెరడు లేకపోయినా మన అమ్మలు కూర లేకుండా ఇంటికి రాలేదు. కలుపుకు పోయి పొన్నగంటి, గురుగు, చెంచలి, తుమ్మికూర ఒడిలో వేసుకొచ్చారు. ఊరు కలుపన్నదాన్ని వాడ కూరన్నది. ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు. ఒడిలో కూరా పోయింది, కలుపు కూలీ పోయింది.

ఊరగాయ సంగతీ చెప్పుకుందాం. ఎండాకాలం ఆసామి ఇంట కారం దంచింది మనోళ్లు, మామిడికాయలు మోసింది మనోళ్లు. జాడీ ముట్టుకుంటే మాత్రం మైల! ఆ ఆవకాయ సంస్కృతి అయింది. ఉప్పూ పసుపూ పట్టించి మన దండెం మీద ఎండేసిన తునకలు నీచు అయినాయి. రెండూ ఉప్పుతో నిల్వ చేసే విద్యే కదా? పైగా ఆకులో ఇనుము కన్నా మాంసంలో ఇనుము ఒంటికి సులువుగా పడుతుందని వైద్యశాస్త్రమే చెబుతోంది. అయినా చుట్టం వస్తే తునకలు దాచేస్తున్నాం. బడికి పోయే పిల్ల గిన్నెలో పెట్టడానికి జంకుతున్నాం. ఈ సిగ్గు మనకు పుట్టింది కాదు, మన మీద రుద్దింది. దీన్ని వదిలించుకోవాలి.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు దారి చూపారు. జొన్న, కొర్ర, కంది కలిపి వేశారు. విత్తనం తమ చేతుల్లోనే ఉంచుకున్నారు. మందు కొట్టని చేలో కూర ఏరుకున్నారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కాళ్ల కింద కాస్త నేల ఉంటే మన ఆడోళ్లు ఏం చేయగలరో అక్కడ చూడొచ్చు.

అక్కలారా, తమ్ముళ్లారా! ఇంట్లో చేయగలిగింది ఇవాళే మొదలుపెడదాం. అన్నం తినగానే టీ తాగొద్దు, గంట ఆగుదాం. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పప్పూ ఆకుకూరా తినేటప్పుడు నిమ్మబద్ద పిండుకుందాం. మందు కొట్టిన గట్టు మీద కూర కోయొద్దు. గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఐరన్ మాత్రలు సర్కారు ఇవ్వాలి, అడిగి తీసుకుందాం. అందరూ తిన్నాక కుండ అడుగున మిగిలింది తినే ఆనవాయితీ ఇక చాలు. ఇది మార్చాల్సింది మన మగోళ్లే.

ఇంట్లో చేసేదే సరిపోదు. వచ్చే గ్రామసభలో గట్టిగా అడుగుదాం. ఇంటి పట్టాలో పెరడూ ఉండాలి. అది వచ్చేదాకా ఊరి బంజరులో కూరతోటకు వాడ ఆడోళ్ల సంఘం పేర చోటివ్వాలి. పోషణ పాఠాలు చెప్పేవాళ్లకు మన జవాబు ఇదే. విత్తనం మా దగ్గరుంది, పండించే చేతులూ ఉన్నాయి. జాగా చూపించండి!