అంతరిక్ష కేంద్రంలో మొండి బ్యాక్టీరియా: సమస్య మురికి కాదు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ‘సూపర్‌బగ్’ దొరికిందని 2024లో వార్తలొచ్చాయి. అదేదో గ్రహాంతర జీవి కాదు. మనుషులతో పాటు ఇక్కడి నుంచి వెళ్లిందే.

పేరు ఎంటరోబాక్టర్ బుగాండెన్సిస్. టాంజానియాలోని బుగాండో ఆసుపత్రిలో పసిపిల్లల రక్తంలో మొదట బయటపడింది, ఆ పేరే దీనికి వచ్చింది. అంతరిక్ష కేంద్రంలో దొరికిన 13 నమూనాలను నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్, ఐఐటీ మద్రాస్ పరిశోధకులు పరిశీలించారు. అవి చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగడం లేదు, జన్యువుల్లోనూ భూమి మీది వాటికి తేడా వచ్చింది. దీనివల్ల వ్యోమగాములెవరైనా జబ్బు పడ్డారని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు.

మరి భయం దేనికి? 2025లో ‘సెల్’ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం దీనికి కొంత జవాబిస్తుంది. వ్యోమగాములు కేంద్రం లోపల 803 చోట్ల నమూనాలు తీశారు. ఎక్కువగా కనిపించినవి మనిషి చర్మం నుంచి రాలిన సూక్ష్మజీవులే. తిండి తినే చోట ఆహారానివి, టాయిలెట్ దగ్గర మూత్రానివి. మట్టిలో, నీళ్లలో స్వేచ్ఛగా బతికేవి దాదాపు లేవు. అక్కడ మందు తుడుపులతో ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తుంటారు. బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగులుతాయి, వాటికి పోటీ ఉండదు. ఆసుపత్రి ఐసీయూల్లో డాక్టర్లను వేధించే సమస్యా ఇలాంటిదే. అందుకే మేలు చేసే సూక్ష్మజీవులను కావాలనే లోపలికి పంపాలని ఆ పరిశోధకులు అంటున్నారు. వినడానికి వింతే గానీ, కొట్టిపారేసే మాట కాదు.

రెండో వైపు మనిషి శరీరం. స్పేస్ షటిల్‌లో వెళ్లిన 89 మందిలో 47 మందికి, అంతరిక్ష కేంద్రంలో ఉన్న 23 మందిలో 14 మందికి ఒంట్లో నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్‌లు మళ్లీ లేచాయని 2019లో తేలింది. లక్షణాలు కనిపించింది కొద్దిమందికే. అయినా రోగనిరోధక శక్తి తగ్గుతోందనడానికి అది గుర్తు. 2006లో షటిల్‌లో పెంచి తెచ్చిన సాల్మొనెల్లా, భూమి మీద పెంచిన దానికంటే ఎలుకలను ఎక్కువగా దెబ్బతీసింది.

అంటే అటు మొండి క్రిములు, ఇటు తగ్గిన రోగనిరోధక శక్తి. ఇప్పుడైతే ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే గంటల్లో కిందికి తేవచ్చు. అంగారకుడి దారిలో ఆ వీలు లేదు, వెంట తీసుకెళ్లిన మందులే దిక్కు. మన గగన్‌యాన్ మూడు రోజుల ప్రయాణమే కాబట్టి దీనితో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం అంటున్న ఇస్రో, దాని గోడల మీద ఏ క్రిములను ఉండనివ్వాలో కూడా డిజైన్ దశలోనే తేల్చుకోవాలి.