మార్కు రాసింది, లూకా రాయనిది

ప్రొద్దుటూరులో మా సంఘానికి చెందిన ఒక వృద్ధురాలు బీపీ మాత్రలు మానేసింది. ఎందుకమ్మా అంటే, 'ఆ డాక్టరు నా మొగం గూడా చూడల్యా అయ్యగారూ! చీటీ రాసి పంపించినాడు' అంది. కువైట్‌లో ఉన్న కొడుకు రెండు నెలలుగా ఫోన్‌ చేయక నిద్ర పట్టడం లేదని ఆమె చెప్పాలనుకుంది. ఆ డాక్టరును అడిగితే, 'బీపీ చూశాను, సరైన మందే రాశాను. బయట ఇంకా ఎంతమంది ఉన్నారో చూశారుగా' అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

ఈ తేడా బైబిల్లోనూ ఉంది. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ చాలామంది వైద్యుల చేతుల్లో తిప్పలు పడిందని, ఉన్నదంతా ఖర్చయినా జబ్బు ముదిరిందే తప్ప తగ్గలేదని మార్కు దాపరికం లేకుండా రాశాడు (మార్కు 5:26). స్వయంగా వైద్యుడైన లూకా మాత్రం ఎవరూ ఆమెను బాగుచేయలేకపోయారని ఒక్కముక్కలో ముగించాడు (లూకా 8:43). మార్కు రాసింది రోగి గోడు, లూకా రాసింది వైద్యుని కేస్‌షీటు!

67 దేశాల సమాచారంతో 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలో సాధారణ జబ్బులకు డాక్టరు ఒక్కో రోగికి ఇవ్వగలుగుతున్నది దాదాపు రెండు నిమిషాలే. జమ్మలమడుగు మిషన్‌ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో ఆసుపత్రి పెట్టిన వైఎస్‌ రాజశేఖరరెడ్డిని జనం 'రెండు రూపాయల డాక్టర్‌' అన్నారు. రాసిన మందులు కాదు, తమ పేదరికాన్ని గుర్తించిన ఆ ఫీజే వాళ్ల మనసులో నిలిచిపోయింది.

యేసుప్రభువుకూ ఆ రోజు తీరిక లేదు. అవతల యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది, చుట్టూ జనం తోసుకుంటున్నారు. పైగా ఆ స్త్రీ జబ్బు అప్పటికే నయమైంది. అయినా ప్రభువు ఆగాడు. ఆమె ఉన్నదంతా చెప్పుకునేదాకా విన్నాడు. కుమార్తె అని పిలిచి సమాధానంతో పంపాడు. జబ్బు తగ్గించడంతో తన పని ముగిసిందనుకోలేదాయన!

డాక్టర్లనే తప్పుబట్టడమెందుకు? ఆరాధన ముగిశాక ప్రార్థన కోసం నా ముందు నిలబడిన వరుసలో ఆ తల్లి ప్రతి ఆదివారమూ ఉంది. తలపై చేయి ఉంచి అరనిమిషంలో పంపేశాను. ఆమె కొడుకు సంగతి నేనూ అడగలేదు.

మరుసటి వారం ఆమెను నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. 'కొడుకు ఫోన్‌ చేసినాడా పెద్దమ్మా?' అన్నాడు డాక్టరు. మాత్రలు అవే. ఈసారి ఆమె వేసుకుంటోంది.