విడిపోయినా వీడని బాణీ

పాత బృందాలు మళ్లీ కలిస్తే చాలు, పేరు అమ్ముకోవడానికే అనేవాళ్లుంటారు. ఐర్లండ్ బృందం హార్స్‌లిప్స్ విషయంలో ఆ మాట అన్యాయం. 1970లో డబ్లిన్‌లో పుట్టిన ఈ ఐదుగురి జట్టు తాతల నాటి జానపద బాణీలకు రాక్ సంగీతాన్ని జోడించింది. సంప్రదాయాన్ని పాడుచేస్తున్నారని అప్పట్లో కొందరు ముఖం చిట్లించారు. కానీ 1973లో వచ్చిన ‘ద టాయిన్’ ఆల్బమ్‌లో ‘డ్యారగ్ డూమ్’ పాట వినండి. జానీ ఫీన్ ఎలక్ట్రిక్ గిటార్ మీద దుమ్ము రేపిన ఆ స్వరవరుస, ఓనీల్ కవాతు అనే పాత ఐరిష్ బాణీ నుంచి వచ్చిందే! 1990 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు వెళ్లిన ఐర్లండ్ జట్టు పాటలోనూ అదే మోగింది. అంటే మరుగున పడాల్సిన బాణీని వీళ్లు కుర్రకారు నోట నిలబెట్టారు. 1980 అక్టోబరులో బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ హాల్‌లో ఆఖరి కచేరీ చేసి విడిపోయారు. తిరిగి కలిపింది వ్యాపారులు కాదు, అభిమానులు. 2004లో డెర్రీలో వాళ్లు బృందం జ్ఞాపకాలన్నీ పోగుచేసి ప్రదర్శన పెడితే, ఐదుగురూ వచ్చి అక్కడే వాయించారు. అదే ఏడాది ‘రోల్ బ్యాక్’ ఆల్బమ్‌లో తమ పాత పాటలకే ఎలక్ట్రిక్ హోరు తగ్గించి కొత్త రూపమిచ్చారు. 2009లో బెల్‌ఫాస్ట్, డబ్లిన్ నగరాల్లోని భారీ వేదికలెక్కారు. 2023లో ఫీన్ కన్నుమూశారు. ఆయన వాయించిన బాణీ మాత్రం చెక్కుచెదరలేదు. జానపదాన్ని అద్దాల బీరువాలో దాచి కాపాడలేం. ఏ తరానికి ఆ తరం తన చేతిలోని వాయిద్యం మీద వాయించుకుంటేనే అది బతుకుతుంది.