మార్చే ముందు ఒక్క ప్రశ్న

మన ల్యాబుల్లో కొత్త కోడ్ రాయడం నేర్పిస్తారు. ఉన్న కోడ్‌ని మార్చడం మాత్రం ఎవరూ నేర్పించరు. మార్చాల్సి వస్తే మనకి తెలిసింది ఫైండ్ అండ్ రీప్లేస్, ఇంకాస్త ముందుకెళ్తే రెగెక్స్. వంద లైన్ల అసైన్‌మెంట్‌కి అది చాలు. లక్షల లైన్లకి చాలదు.

లినక్స్ కెర్నల్‌లో ఇలాంటి పనికి కాక్సినెల్ అనే టూల్ వాడతారు. ఫ్రెంచ్‌లో ఆ మాటకి అర్థం అక్షింతల పురుగు. పొలంలో పేనుబంకని తినే పురుగు కదా, ఇది కోడ్‌లో బగ్స్‌ని తింటుందన్నమాట. సి కోడ్‌ని ఇది అక్షరాల వరసలా కాకుండా నిర్మాణంగా చూస్తుంది. మధ్యలో ఖాళీలున్నా, లైన్ విరిగినా దానికి పట్టింపు లేదు.

అయితే నిర్మాణం ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. కెర్నల్‌లో అలైన్ అనే మాక్రో ఉంది. ఒక సంఖ్యని పై గుణిజానికి పెంచుతుంది. కానీ అది బిట్ మాస్క్‌తో పనిచేస్తుంది కాబట్టి రెండో విలువ 2 ఘాతమే అవ్వాలి. 30ని 24కి అలైన్ చేస్తే 48 రావాలి, వచ్చేది 32. అలాంటి చోట రౌండప్ వాడాలి. ఇప్పుడు చెప్పండి, 24 ఉన్న చోటే మార్చి, 32 ఉన్న చోట వదిలేయమని ప్యాటర్న్‌కి ఎలా చెప్తాం? రెండిటి ఆకారం ఒకటే.

కాక్సినెల్‌లో ప్యాటర్న్ లోపలే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాయొచ్చు: "ఈ సంఖ్య 2 ఘాతం కాదా?" అవునంటేనే మ్యాచ్. లేదంటే ఆ చోట మార్పు మొదలే కాదు.

"అన్నీ మార్చేసి తర్వాత ఫిల్టర్ చేసుకోవచ్చుగా?" అని మా ఫ్రెండ్స్ అంటారు. చేసుకోవచ్చు. కానీ ఆ ఫిల్టర్ వేరే ఫైల్లో ఉంటుంది, ఆర్నెల్ల తర్వాత అది ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. షరతు ప్యాటర్న్ పక్కనే ఉంటే, ఏది మారుస్తున్నామో, ఎందుకు మారుస్తున్నామో రివ్యూ చేసేవాళ్లకి ఒకేచోట కనిపిస్తుంది. ఏఐతో మార్పించినా సరే, చివరికి మళ్లీ నడపగలిగే రూల్ ఒకటి చేతిలో మిగలాలి.

దీనికీ హద్దు ఉండాలి. నలభై లైన్ల పైథాన్ ఇరికిస్తే ప్యాటర్న్ చదవడమే కష్టం. పైగా స్క్రిప్ట్‌కి అందేది కోడ్‌లో రాసి ఉన్నదే. 24 బదులు ఏదో మాక్రో పేరు ఉంటే దాని విలువ స్క్రిప్ట్‌కి తెలియదు. అప్పుడు ఊహించకూడదు, ఆ చోటుని వదిలేసి మనిషికి చూపించాలి.

అందుకే నా లెక్క ఇది: స్క్రిప్ట్ ఒక్క ప్రశ్నే అడగాలి, జవాబు అవును, కాదు అనే రెండిట్లోనే ఉండాలి, అనుమానం వస్తే "కాదు" అనాలి. రేపు ఉద్యోగాల్లో మనం ఎక్కువగా ముట్టుకునేది వేరేవాళ్లు రాసిన కోడే. వందల ఫైళ్లని ఒక్క కమాండ్‌తో మార్చగలిగినప్పుడు, ఎక్కడ మార్చకూడదో రాసిపెట్టడం కూడా ప్రోగ్రామింగే. ఒక్క ల్యాబ్ అయినా దీనికి కేటాయిస్తే బాగుంటుంది.