అప్పూ – ఆరా

పోయిన శనివారం మధ్యాహ్నం నడుం వాల్చానో లేదో, గుమ్మంలో "పిన్నిగారూ, పడుకున్నారా?" అని వినిపించింది. మా కొత్తపట్నంలో మధ్యాహ్నంపూట పడుకున్నామని ఎవరూ ఒప్పుకోరు. "లేదమ్మా, రా" అన్నాను.

ప్రక్కింటావిడ. చేతిలో నాలుగు కాగితాలు. వెనకాల తల వంచుకుని వాళ్ళ పెద్దవాడు. విశాఖపట్నంలో రక్షణ శాఖకు చెందిన ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది వాడికి. పూర్తి చేసి పంపవలసిన అటెస్టేషన్ ఫారం ఆ కాగితాలు.

"పోలీసులు వచ్చి ఆరా తీస్తారటండీ. మాకు అప్పులున్నాయని తెలిస్తే ఉద్యోగం ఇవ్వరా?" అంది ఆవిడ. అప్పటికే కళ్ళు తడిగా ఉన్నాయి.

వాళ్ళాయన ఒంగోలు అవతల పొలం కౌలుకు తీసుకుని మిరప వేశాడు. కాయలు కళ్ళంలో ఉండగా వాన పడింది. మరుసటి ఏడు పంట బాగుంది, ధర లేదు. మిగతా కథ మన జిల్లాలో ఎవరికి చెప్పాలి!

మా ఊరికి పోలీసు ఆరా కొత్త కాదు. 1937 వేసవిలో ఇక్కడ రాజకీయ పాఠశాల పెడితే సర్కారు నిషేధించింది, చదువుకోవడానికి వచ్చినవాళ్ళను లాఠీలతో కొట్టించింది. అప్పట్లో ఎవరు ఏ సభకు వెళ్ళారన్నదే పోలీసులకు కావలసింది. ఇప్పుడు ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది కూడా అడుగుతారేమోనని ఈ తల్లి భయం.

భయం ఉత్తిది కాదు. అమెరికా గూఢచారి శాఖలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ అనే ఆయన అప్పులు మీద పడి 1985లో సోవియట్ వారికి రహస్యాలు అమ్ముకున్నాడు. అందుకే ఆ దేశంలో రహస్యపు పనులున్న ఉద్యోగాలకు వెళ్ళేవారు, వారిలో మన తెలుగువాళ్ళ పిల్లలూ ఉంటారు, గడచిన 7 ఏళ్ళలో 120 రోజులు దాటి బకాయి పడిన అప్పులన్నీ ఫారంలో వ్రాసివ్వాలి. అయితే ఉద్యోగం ఊడో, జబ్బు చేసో అప్పు పడి, దాన్ని పద్ధతిగా తీర్చుకుంటున్నవాడి మాట వింటారు.

మన ఫారం తిరగేశాను. అప్పుల ఊసే లేదు. అరెస్టయ్యారా, శిక్ష పడిందా, కోర్టులో మీ మీద కేసేమైనా నడుస్తున్నదా, ఇవీ ప్రశ్నలు. అబద్ధం వ్రాసినా, ఉన్నది దాచినా ఉద్యోగానికి అనర్హులని పై భాగానే హెచ్చరిక. ఉద్యోగంలో చేరాక మాత్రం అప్పుల మాట వస్తుంది. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమాలలో 17వది, అదే పనిగా అప్పుల్లో మునగకూడదంటుంది. బాకీ కోసం ఎవరైనా దావా వేస్తే వెంటనే పైవారికి తెలియజేయాలి. దుబారా వల్ల కాదు, మన చేతిలో లేని కారణాల వల్ల వచ్చిన అప్పు అని ఉద్యోగే రుజువు చేసుకోవాలి.

"మీ ఆయన అప్పు మీవాడి మెడకు చుట్టుకోదమ్మా" అని ఊరడించబోయి, ఎందుకో అనుమానం వచ్చి, "నోట్లు ఎవరి పేరునున్నాయి?" అని అడిగాను.

ఇద్దరూ మాట్లాడలేదు. చివరకు కుర్రవాడే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. లాయరు నోటీసు! నోటు తిరగ వ్రాసినప్పుడు షావుకారు వీడి సంతకంతో ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నాడట. లక్షా యాభై వేలు వేసుకుని బ్యాంకులో వేశాడు. తిరిగి వచ్చింది.

"కేసు ఇంకా వెయ్యలేదు కదండీ. లేదు అని వ్రాసేస్తాను" అన్నాడు.

ఈనాటికి అది నిజమే. కాని చెక్కు తిరిగి రావడం ఉత్త బాకీ కాదు. 1881 నాటి చట్టానికి తరువాత చేర్చిన 138వ సెక్షన్ క్రింద అది నేరం, రెండేళ్ళ దాకా శిక్ష. ఖాళీ చెక్కే ఇచ్చానన్నంత మాత్రాన తప్పించుకోలేమని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే షావుకారు కేసు పెట్టవచ్చు. ఫారం పంపాక కేసు పడితే దాన్నీ వెంటనే తెలపాలి. తెలపకపోతే దాచినట్లే. ఇలా దాచినవారి గురించి 2016లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులతో విచారించి, చిన్నపాటి కేసయితే అధికారులు క్షమించవచ్చునన్నది గాని, చెప్పేది నిజమై ఉండాలన్నది.

"నోటీసు ఎప్పుడు వచ్చింది?"

"తొమ్మిది రోజులైంది."

ఇంకా ఆరు రోజులు. తొమ్మిది రోజులుగా ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగిన కుర్రవాణ్ణి ఏమనను? తల్లికి కూడా క్రితం రాత్రే చెప్పాడట.

బ్యాంకు ఉద్యోగమైతే ఇంకా కష్టమయ్యేది. స్టేటు బ్యాంకులో ఉద్యోగం వచ్చిన ఒకాయనకు పాత బకాయిల చరిత్ర చూసి నియామకం రద్దు చేశారు. బాకీలన్నీ తీర్చేశాను మొర్రో అన్నా, ప్రకటనలో ముందే చెప్పిన షరతు గనుక రద్దు సబబేనని 2025లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. డబ్బు ఇచ్చిపుచ్చుకునే చోట ఆ మాత్రం పట్టింపు ఉండవచ్చు గాని, తీర్చినవాడికీ తీర్చనివాడికీ తేడా లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

సోమవారం ప్రొద్దున్నే ఆవిడ గాజులూ గొలుసూ ఒంగోలులో బ్యాంకుకు చేరాయి. మంగళవారం నేనూ వెంట వెళ్ళాను. డబ్బు లెక్కపెట్టుకుని షావుకారు, "చెక్కు రేపు పంపిస్తాలెండి" అన్నాడు. "ఇప్పుడే ఇవ్వండి, రసీదు కూడా" అని అరుగు మీద కూర్చున్నాను. గంటన్నర పట్టింది. రెండో నోటు ఇంకా ఉంది. అది తండ్రిది.

ఫారంలో ఊళ్ళో తెలిసిన ఇద్దరు పెద్దల పేర్లు అడిగిన చోట ఒకటి నాది వ్రాశాడు. కానిస్టేబులు ఇంకా రాలేదు. వస్తే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, అడిగితే ఆ చెక్కు సంగతి కూడా చెబుతాను. వాడితో ముందే అన్నాను ఆ మాట. "చెప్పండి పిన్నిగారూ, రసీదు నా దగ్గరే ఉంది" అన్నాడు.