పదివేల ర్యాంకు గీత

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ వైపు సాగే విజయవాడ రహదారిపై హోర్డింగులన్నీ ర్యాంకులనే చాటుతాయి. ఆ ర్యాంకుకు కులాన్ని బట్టి వేర్వేరు ధర ఉందన్న సంగతి ఏ హోర్డింగు మీదా కనిపించదు.

మా వీధి చివర ఇస్త్రీ బండి నడుపుకొనే రజక కుటుంబం ఉంది. ప్రైవేటు కాలేజీలో ఇంటర్ చదివిన వారి అబ్బాయికి ఎప్‌సెట్‌లో పన్నెండు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. లక్షల మంది రాసే పరీక్షలో అది మంచి ర్యాంకే. అయినా ఆ ఇంట పండుగ జరగలేదు. పదివేల లోపు ర్యాంకు వస్తేనే అటువంటి బీసీ విద్యార్థికి ప్రభుత్వం పూర్తి ఫీజు చెల్లిస్తుంది. దాటితే 35,000 రూపాయలే. కాలేజీ ఫీజు 1,20,000 అనుకుంటే ఏటా 85,000, నాలుగేళ్లకు 3,40,000 ఆ ఇస్త్రీ పెట్టె మీద నుంచే రావాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా పూర్తి ఫీజు అందుతుంది. అది న్యాయం. దాన్ని చూపి బీసీలను దళితుల మీదికి ఎగదోసేవారు గీత గీసిన చేతిని మాత్రం ప్రశ్నించరు.

విశాఖలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా విడదీయవద్దని కోచింగ్ సంస్థలకు చెప్పింది. మరి ర్యాంకును బట్టి పేదలను విడదీస్తున్న ప్రభుత్వం మాటేమిటి? ఒత్తిడిని మనోధైర్యం లేమిగా చూసి కౌన్సెలింగ్ సూచించే పెద్దలకు ఈ లెక్క తెలియదనుకోను. ఆ పిల్లవాడిది పరీక్ష భయం కాదు, అప్పు భయం. ఒక్క తప్పు జవాబు తండ్రి నెల సంపాదనను మింగవచ్చునని అతనికి ముందే తెలుసు.

ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటావి. వాటిలో డబ్బు ఎంత పలుకుతుందో ఈ రహదారి వెంట అందరికీ తెలుసు. ప్రతిభ దెబ్బతింటోందన్న ఆవేదన అక్కడ ఎన్నడూ వినిపించదు. రిజర్వేషన్ల ప్రస్తావన రాగానే అదే గొంతు లేస్తుంది.

వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆ తండ్రీకొడుకులు నా దగ్గరికి వచ్చారు. తన ర్యాంకుకు సీటు రాగల మంచి కాలేజీల పేర్లను అబ్బాయి నోట్‌బుక్‌లో వరుసగా రాసుకొచ్చాడు. తండ్రి అడిగింది ఒకటే: "సార్, ముప్పై అయిదు వేలకు దగ్గరగా ఫీజు ఉన్న కాలేజీ ఏది?" అబ్బాయి నోట్‌బుక్ మూసి, ఆ కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టమన్నాడు.