గీత అవతల గొంతు ఒక్కటే ఉండాలి

అమెరికాలో ఉన్న మన వాళ్ళు ఫుట్‌బాల్ అంటే ఒక ఆట, ఇక్కడ గల్ఫ్‌లో మనం ఫుట్‌బాల్ అంటే ఇంకో ఆట. వాళ్ళ ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. అందులో ప్లే కాలర్ అని ఒకాయన ఉంటాడు. బంతి మన జట్టు చేతిలో ఉన్నప్పుడు తర్వాత ఏం చెయ్యాలో చెప్పడం ఆయన పని. వాళ్ళ పెద్ద లీగ్‌లో అయితే గీత బయట నిలబడి, ఆటగాడి హెల్మెట్‌లో ఉన్న చిన్న స్పీకర్‌లోకి నేరుగా చెప్తాడు. ఎత్తుగడ మొదలుపెట్టడానికి 15 సెకన్లు మిగిలి ఉండగానే ఆ లైను కట్ అయిపోతుంది. ఆ తర్వాత పిల్లాడి తెలివి పిల్లాడిదే. ప్లే కాలర్ మారితే అదే జట్టు, అదే ఆటగాళ్ళు, స్కోరు మాత్రం మారిపోతుందని అక్కడి వాళ్ళు ఏటా చర్చించుకుంటూనే ఉంటారు.

మన ఆటలో ఆ సౌకర్యం లేదు. ఈల ఊదాక 45 నిమిషాలు ఆట ఆగదు. కోచ్ గీత దగ్గర నిలబడి ఎంత అరిచినా అవతలి చివర ఆడేవాళ్ళకి వినపడదు. చెప్పాల్సిందంతా వారమంతా చెప్పి ఉండాలి. అయినా ఇక్కడ కూడా కోచ్ మారితే జట్టు గోళ్ళు కొట్టడం మొదలుపెడుతుంది. ఎలా? ఈ ప్రశ్నకి జవాబు మన హైదరాబాద్ జట్టు కథలోనే ఉంది. ఆడపిల్లల్ని శని, ఆదివారాలు కోచింగ్‌కి పంపే అమ్మలకి అది పనికొచ్చే జవాబు కూడా. అందుకే ఈసారి వంటిల్లు, వీసాలు పక్కనపెట్టి ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాను.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. సొంత మైదానం గచ్చిబౌలి. మొదటి సీజన్ చూసినవాళ్ళకి కన్నీళ్ళొక్కటే తక్కువ. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 4 డ్రాలు, 12 ఓటములు. కొట్టిన గోళ్ళు 21, ఇచ్చుకున్నవి 39. పది జట్లలో పదో స్థానం. సీజన్ మధ్యలోనే కోచ్‌ని మార్చారు. తర్వాతి సీజన్‌కి అనుకున్న ఆల్బర్ట్ రోకా కూడా ఆట మొదలవకముందే బార్సిలోనాకి వెళ్ళిపోయాడు. అప్పుడు, 2020 ఆగస్టు చివర్లో, స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. అది కోవిడ్ కాలం. మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో. కోచ్ గొంతు గ్రౌండంతా వినపడిన సీజన్ ఏదైనా ఉంటే అదే కాబోలు.

ఆయన వచ్చిన మొదటి ఏడు లెక్కలు చూడండి. 20 మ్యాచ్‌ల్లో కొట్టినవి 27. అంటే సగటున మ్యాచ్‌కి ఒకటిన్నర కూడా లేదు. దీన్ని ఎవరూ గోళ్ళ వాన అనరు. కానీ పక్క అంకె చూడండి. ఇచ్చుకున్నవి 39 నుంచి 19కి పడిపోయాయి. ఓడినవి మూడంటే మూడే. పదో స్థానం నుంచి ఐదో స్థానానికి వచ్చారు. ఆ మర్నాటి సీజన్‌లో అసలు సంగతి బయటపడింది. 20 మ్యాచ్‌ల్లో 43 గోళ్ళు, రెండో స్థానం. నైజీరియా నుంచి వచ్చిన బార్తొలొమ్యూ ఒగ్బెచె ఒక్కడే 18 కొట్టాడు.

ఈ వరస గమనించారా? ముందు ఇంటికి తలుపులు బిగించాడు, ఆ తర్వాతే వాకిట్లో ముగ్గు వేశాడు. వెనకాల భయం లేని జట్టుకే ముందుకి పరిగెత్తే ధైర్యం వస్తుంది. బంతి పోతే కొంప మునుగుతుందనుకునే పిల్ల పక్కవాళ్ళకి చటుక్కున ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది. పోయినా వెనక నలుగురున్నారని తెలిసిన పిల్ల ఇద్దరిని దాటి వెళ్ళి చూస్తుంది. గోళ్ళు అక్కణ్ణించే పుడతాయి.

రెండో సంగతి, ఎవర్ని నమ్మాడన్నది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు. పేరుకి ఇద్దరూ వెనక వరసలో రెండు పక్కల కాపలా కాసేవాళ్ళు. వాళ్ళని గీత వెంబడి ముందుకి పరుగెత్తనిచ్చాడు. లిస్టన్ కొలాసో అనే గోవా కుర్రాడికి ఎదురుగా ఉన్నవాణ్ణి దాటి వెళ్ళే స్వేచ్ఛ ఇచ్చాడు. ఏడాది తిరక్కుండా అతన్ని కోల్‌కతా క్లబ్ భారీ మొత్తం పోసి కొనుక్కుంది. అలాంటి ఆటగాడు పోతే గోళ్ళు తగ్గాలి కదా? పెరిగాయి. అంటే మారింది ఒక ఆటగాడి కాలు కాదు, పదకొండు మంది ఆలోచన.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టేడియం నిండా పసుపు చొక్కాలు. 68వ నిమిషంలో కేరళ గోలు కొట్టింది. 88వ నిమిషంలో, బదులుగా దిగిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీ షూటవుట్‌లో మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. ఆఖరి స్థానం నుంచి కప్పు దాకా రెండేళ్ళు.

ఇక్కడితో ఆపేస్తే ఇది సినిమా కథ అవుతుంది. ఆగలేదు. మార్కెజ్ 2023లో గోవా జట్టుకి వెళ్ళిపోయాడు. క్లబ్‌కి డబ్బు ఇబ్బందులు, జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకూడదని నిషేధం. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లకి గెలిచింది ఒక్కటి. మళ్ళీ అట్టడుగున. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. మంచి కోచ్ మాట పనిచెయ్యాలంటే వెనకాల జీతం ఇచ్చే చెయ్యి, నిలబడే ఇల్లు ఉండాలి. జీతం ఆగితే ఇల్లెలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు మన హైదరాబాద్‌కి ఈ విద్య కొత్త కాదు. బడిలో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చేతికి తీసుకున్నారు. ఆ తర్వాత దేశం జట్టుకీ కోచ్ అయ్యారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. వెనక వరసలో ఆడే జర్నైల్ సింగ్‌కి మధ్యలో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన్ని కూర్చోబెట్టకుండా రహీం ముందు వరసలోకి పంపారు. ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచాం. ఆ రెండు గోళ్ళలో ఒకటి జర్నైల్ సింగ్‌దే. ఎవరు ఎక్కడ నిలబడాలో చూడగలిగిన కన్ను, కోచ్ అంటే అదే. రహీం సాబ్ అప్పటికే కేన్సర్‌తో ఉన్నారు. మరుసటి ఏడే, 1963లో పోయారు.

ఇంతవరకూ మగపిల్లల కథే చెప్పాను. ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం.

2025 ఫిబ్రవరిలో భారత మహిళల జట్టు షార్జాకి వచ్చింది. పింక్ లేడీస్ కప్, ఆట హమ్రియాలో. మా ఇంటర్నేషనల్ సిటీ నుంచి ట్రాఫిక్ లేకపోతే గంటలోపే. కొత్త కోచ్ క్రిస్పిన్ ఛెత్రీకి అవే మొదటి మ్యాచ్‌లు. దానికి ముందు ఏడాదిలో ఆ అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరుగా కోచ్‌లని చూశారు. షార్జాలో జోర్డాన్ మీద 2-0తో గెలిచారు. రష్యా, దక్షిణ కొరియా చేతుల్లో గోలు లేకుండా ఓడారు. మన క్రికెట్ ఇళ్ళల్లో ఎంతమందికి ఆ మ్యాచ్‌లు జరిగినట్టు తెలుసు?

అదే జట్టు జూన్, జూలైల్లో థాయ్‌లాండ్ వెళ్ళింది, ఆసియా కప్ అర్హత పోటీలకి. మంగోలియా మీద 13, తిమోర్ మీద 4, ఇరాక్ మీద 5. చిన్న జట్ల మీద కొట్టిన గోళ్ళు చూసి మురిసిపోనక్కర్లేదు. అసలు పరీక్ష జూలై 5న చియాంగ్ మయిలో, రెండు ప్రపంచ కప్పులు ఆడొచ్చిన థాయ్‌లాండ్‌తో, వాళ్ళ గడ్డ మీద. మనవాళ్ళు 2-1తో గెలిచారు. రెండు గోళ్ళూ కొట్టింది ముందు వరస అమ్మాయి కాదు, మధ్యలో ఆడే సంగీతా బాస్‌ఫోర్. అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌కి వెళ్ళడం మన ఆడపిల్లలకి అదే మొదటిసారి.

ఆ తరంలో మన తెలుగమ్మాయి ఉంది, గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. మొదట పరుగు పందాల్లో ఉండేది. ఆ పరుగు చూసి ఊళ్ళో కోచ్ ఒకాయన ఫుట్‌బాల్ వైపు తిప్పారు. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ దాకా వెళ్ళొచ్చింది. ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు 2023-24లో లీగ్ పట్టికలో దిగువ సగంలో ఉంది. మర్నాటి సీజన్‌కి ఆంథొనీ ఆండ్రూస్ కోచ్‌గా వచ్చాడు, సౌమ్య వచ్చింది, ఇంకొందరొచ్చారు. ఆ ఏడే లీగ్ గెలిచారు. 2025లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు సౌమ్యకే ఇచ్చారు. పరుగెత్తే పిల్లని చూసి "ఈ కాళ్ళకి బంతి ఇస్తే?" అని అడిగిన మనిషి ఒకరు ఆ ఊళ్ళో ఉండబట్టి ఇదంతా.

మరి మన దగ్గర? ఇంటర్నేషనల్ సిటీ ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రష్యా, చైనా, ఇంగ్లండ్, ఫ్రాన్స్ అని దేశాల పేర్లతో క్లస్టర్లు, వాటిలో ఎక్కువగా స్టూడియోలు, ఒక బెడ్‌రూమ్ ఇళ్ళు. సాయంత్రం ఎండ చల్లారాక పిల్లలు కిందకి దిగి కార్ల మధ్య బంతి తంతారు. కారుకి తగిలితే నాతూర్ వస్తాడు. ఆ గుంపులో ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు కనిపిస్తారు. పదమూడేళ్ళ వాళ్ళు కనిపించరు. మధ్యలో ఏమైంది? ఎండకి నల్లబడుతుందన్నాం. మోకాలికి మచ్చ పడితే రేపు ఎవరు చూస్తారన్నాం. పెద్దమనిషయ్యాక ఆ నిక్కరేమిటన్నాం. పదో తరగతి ముంచుకొస్తోందన్నాం. అన్నకి ఇవేవీ అనలేదు.

కోచింగ్‌కి పంపేవాళ్ళున్నారు, సంతోషం. ఫీజు కట్టేముందు ఒక్క గంట గీత పక్కన కూర్చుని చూడండి. మీ అమ్మాయి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. వరసలో నిలబడి తన వంతు కోసం చూస్తూనే సగం సమయం గడిచిపోతే, అది కోచింగ్ కాదు, రేషన్ షాపు. నలుగురు, అయిదుగురు చిన్న జట్లుగా ఆడిస్తున్నారా చూడండి. బంతి పోగొట్టుకున్న పిల్లతో కోచ్ ఏం మాట్లాడుతున్నాడో వినండి. మార్కెజ్ కుర్రాళ్ళకి ఇచ్చింది ఆ క్షణంలో దొరికే ధైర్యమే. మీ పిల్లని ఎప్పుడూ గోలు దగ్గరే నిలబెడుతున్నారా, అన్ని చోట్లా ఆడనిస్తున్నారా అడగండి. జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపి చూడకపోతే ఆ గోలు లేదు.

ఆఖరిది మన గురించే. మ్యాచ్ రోజున గీత పక్కన నాన్న "కొట్టు కొట్టు" అంటాడు, అమ్మ "జాగ్రత్త, పడతావ్" అంటుంది, బాబాయి "అటు కాదే, ఇటు" అంటాడు, కోచ్ ఇంకేదో అంటాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. పిల్ల బంతి ఆపి మన మొహం చూస్తుంది. ఆ ఒక్క క్షణంలో అవతలి పిల్ల బంతి లాక్కుపోతుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2023లో ఒక వారాంతం పిల్లల మ్యాచ్‌లకి వచ్చిన పెద్దలందర్నీ నోరు మూసుకుని చప్పట్లు మాత్రమే కొట్టమంది. కోచ్‌లని కూడా. పిల్లలు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటూ ఆడాలని.

హెల్మెట్ స్పీకర్ కూడా చివరి 15 సెకన్లు పిల్లాడికే వదిలేస్తుంది. మనం మ్యాచ్ మొత్తం వదలలేమా? దారిలో కారులో కూడా స్కోరు, తప్పులు మాట్లాడకండి. నీళ్ళ సీసా ఇచ్చి, ఆకలేస్తోందా అని అడగండి. ఆట సంగతి తనే ఎత్తుతుంది, ఎత్తినప్పుడు వినండి. వచ్చే వారం సాయంత్రం మీ బిల్డింగ్ కింద ఆ గుంపులో ఒక పదమూడేళ్ళ అమ్మాయి కనిపిస్తే, పైన బాల్కనీలోంచి ఎవరూ పిలవకండి. ఆడనివ్వండి.